ఓటీపీ నాన్న ఫోన్‌కి వచ్చేది: కుటుంబ వ్యాపారాలకు అండ ఎవరు?

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: తెనాలిలో కారం మిల్లు నడుపుతున్న యజమానురాలు, ఒక ఆడిటర్, వర్తక సంఘం కార్యదర్శి.)

యాంకర్: అందరికీ నమస్కారం. అమ్మా, మీతోనే మొదలుపెడదాం. నాన్నగారు పోయాక మిల్లు ఆగిపోయే పరిస్థితి ఎందుకొచ్చింది? అప్పులున్నాయా?

యజమానురాలు: అప్పు పెద్దగా లేదండీ. నాన్న పోయిన మూడోరోజు గుంటూరు యార్డు నుంచి మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగాయి, లారీ అతనికి కిరాయి ఇవ్వాలి. తమ్ముడు నాన్న ఫోన్ తీశాడు, లాక్ తెరుచుకోలేదు, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు, బ్యాంకు ఓటీపీ వచ్చేది ఆ ఫోన్‌కే. బీరువాలో నాన్న సంతకాలు పెట్టి ఉంచిన చెక్కులు నాలుగు దొరికాయి, ప్రాణం లేచొచ్చింది. తీరా బ్యాంకుకి వెళ్తే, మనిషి పోయాడని తెలిశాక ఆ చెక్కులు చెల్లవమ్మా అన్నారు. ఖాతాలో డబ్బుంది, గోడౌన్‌లో సరుకుంది. శనివారం పదకొండు మందికి కూలి ఇవ్వాలంటే మాత్రం గల్లాపెట్టెలో తొమ్మిది వేలున్నాయి, అంతే.

యాంకర్: ఆడిటర్ గారూ, సొంత డబ్బే తీసుకోలేకపోవడం ఏమిటి?

ఆడిటర్: మిల్లు ఆయన ఒక్కరి పేరు మీద ఉంది, ప్రొప్రైటర్‌షిప్. చట్టం దృష్టిలో ఆయన వేరు, మిల్లు వేరు కాదు. ఆయన పోతే ఆ కరెంట్ అకౌంటు, జీఎస్టీ నంబరు అన్నీ అక్కడే ఆగిపోతాయి, నడిపించే వారసులు కొత్తగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. పాత నంబరు మీద మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్, అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నులో ఇంకా సర్దుకోవలసిన మొత్తం, ఐటీసీ-02 ఫారంతో కొత్త నంబరుకి మార్చుకోవచ్చు. ఈ సంగతి తెలియక పాత నంబరు రద్దు చేయించేసుకుని, లక్షల రూపాయల క్రెడిట్ పోగొట్టుకున్నవాళ్ళు నా దగ్గరికొచ్చారు. ఇక బ్యాంకు విషయం. ప్రొప్రైటర్ ఖాతాకి కూడా నామినీని పెట్టుకోవచ్చు, 2025 నవంబరు నుంచి నలుగురిని దాకా పెట్టుకునే వీలుంది. ఆ ఒక్క కాగితం నింపి ఉంటే ఖాతాలో డబ్బు కోసం ఈవిడ ఇంత తిరగాల్సి వచ్చేది కాదు.

యజమానురాలు: నామినీ అంటే డబ్బంతా వాళ్ళదే అయిపోతుందని నాన్న భయం అండీ.

ఆడిటర్: కాదు. నామినీ డబ్బు తీసుకుని వారసులకు అప్పజెప్పే మనిషి, అంతవరకే. ఈ మాట మేమే విడమరిచి చెప్పాలి. రిటర్నులు వేసి ఫీజు తీసుకుని పంపేస్తున్నాం, అది మా తప్పే.

యాంకర్: మరి ఆ శనివారం ఎలా గడిచింది?

యజమానురాలు: సంఘం వాళ్ళు వచ్చారు. నాలుగు కొట్ల వాళ్ళు తలా కొంత వేసుకుని కూలి డబ్బు తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు, కాగితం కూడా అడగలేదు. గుంటూరులో మాకు మిర్చి ఇచ్చే కమీషన్ వ్యాపారి ఫోన్ చేసి, "మీ నాన్న మాట మీద ఇచ్చాను, మీ మాట మీదా ఇస్తాను, బాకీ రెండు నెలలు ఆగి పంపండి" అన్నారు. ఆ మాటకి నేను ఫోన్ పట్టుకునే ఏడ్చేశాను.

కార్యదర్శి: అది మా ధర్మం. ఒకరి కొట్టు మూతపడితే పక్క కొట్టుకీ బేరం తగ్గుతుంది. చీటీ పాడి పెళ్ళిళ్ళు చేయించాం, గోడౌన్ తగలబడితే చందాలు వేసుకున్నాం. కష్టం వచ్చినప్పుడు సంఘం ఎప్పుడూ వెనకాడలేదు.

ఆడిటర్: కష్టం వచ్చాక వస్తున్నారండీ, అది నేనూ ఒప్పుకుంటాను. రాకముందు ఎందుకు రారు? వీలునామా రాయించుకోమని సంఘంలో ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా?

కార్యదర్శి: చెప్తే ఊరుకుంటారా? "నేనెప్పుడు పోతానా అని చూస్తున్నారా" అంటారు. శుభమా అని సర్వసభ్య సమావేశం పెట్టుకుని చావు మాట ఎత్తడమేమిటని పెద్దవాళ్ళు లేచి వెళ్ళిపోతారు.

ఆడిటర్: తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెడితే వీలునామా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. అది లేకపోతే ఆయన సొంతంగా సంపాదించినది 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికి, భార్యకి, కొడుకులకి, కూతుళ్ళకి తలో సమాన వాటా. పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా హక్కు మన ఉమ్మడి రాష్ట్రం అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి 1986లోనే ఇచ్చింది, దేశమంతా కూతుళ్ళందరికీ వచ్చింది 2005లో.

యజమానురాలు: అక్కడే ఒక మాట అడగాలి కార్యదర్శి గారూ, ఏమీ అనుకోకండి. పెద్దకర్మ అయ్యాక మిల్లు సంగతి తేల్చడానికి మీ పెద్దలు కూర్చున్నారు. తమ్ముణ్ణి పిలిచారు, బాబాయిని పిలిచారు. పదేళ్ళుగా ఆ మిల్లులో చిట్టా రాసింది నేను. ఏ కొట్టు ఎంత బాకీ, ఏ కాయకి ఎంత రంగు వస్తుంది, అన్నీ నాకు తెలుసు. నన్ను పిలవలేదు. నేను లోపల కాఫీలు కలుపుతున్నాను.

కార్యదర్శి: (కాసేపు ఆగి) పొరపాటేనమ్మా. ఆడపిల్లని పదిమందిలో కూర్చోబెట్టడమెందుకని అనుకున్నాం. తర్వాత నువ్వే బాకీల పుస్తకం తెచ్చి మా ముందు పెట్టినప్పుడు తెలిసింది, అసలు మాట్లాడాల్సింది నీతోనని.

యాంకర్: బాకీలంటే గుర్తొచ్చింది. బయట రావలసిన డబ్బు మాటేమిటి?

ఆడిటర్: మిల్లు తయారీ యూనిట్. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే నమోదు ఉంటే, సరుకు కొన్న కంపెనీ రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు కట్టాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కి మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు. ఉద్యం ఉచితం, దానికి రెండు వేలు, మూడు వేలు తీసుకునే ఏజెంట్లని నమ్మకండి.

కార్యదర్శి: మా కిరాణా, హోల్‌సేల్ వాళ్ళకి?

ఆడిటర్: వ్యాపారుల్ని 2021లో ఉద్యంలో చేర్చారు గానీ బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే. ఈ 45 రోజుల రక్షణ వాళ్ళకి లేదు. ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను, సంఘాలు అడగాల్సింది అదీ.

యాంకర్: పెద్ద కుటుంబాలు కుటుంబ రాజ్యాంగం రాసుకుంటాయంటారు. ఇలాంటి మిల్లుకి అది అవసరమా?

ఆడిటర్: విమానాశ్రయాలు నడిపే జీఎంఆర్ కుటుంబం వాళ్ళు రాసుకున్నారు. హైదరాబాద్‌లో ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూల్లో కుటుంబ వ్యాపారాల కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. చిన్నవాళ్ళకి అంత పెద్ద పత్రం అక్కర్లేదు, రెండు పేజీలు చాలు. ఎవరు ఏ పని చూస్తారు, నెలకి ఎవరెంత తీసుకోవచ్చు, ఒకరు బయటికి వెళ్తానంటే లెక్క ఎలా కట్టాలి, అంతే.

యజమానురాలు: పోయిన నెల మేం పార్టనర్‌షిప్ డీడ్ రాసుకున్నాం. ఇద్దరమే ఉంటే ఒకరు పోగానే ఫర్మ్ రద్దయిపోతుందన్నారని అమ్మని మూడో భాగస్వామిగా పెట్టుకున్నాం, ఒకరు పోయినా ఫర్మ్ సాగాలని రాయించాం. తమ్ముడు గల్లాలోంచి చెప్పకుండా డబ్బు తీసే అలవాటు మీద ఒక సాయంత్రమంతా గొడవపడ్డాం, చివరికి ఇద్దరికీ సమానంగా నెలజీతం రాసుకున్నాం. గొడవ జరిగిందే మంచిదైంది, నాన్న ఉండగా మేం ఒక్కసారి కూడా డబ్బు గురించి నోరు విప్పి మాట్లాడుకోలేదు.

యాంకర్: కార్యదర్శి గారూ, సంఘం తరఫున ఇప్పుడు చేయగలిగింది?

కార్యదర్శి: ఆడిటర్ గారు వస్తానంటే సంఘం ఆఫీసులో ఒక గది ఇస్తాను. నామినీ ఫారాలు, ఉద్యం, డీడ్లు అన్నీ అక్కడే చూసుకోవచ్చు.

ఆడిటర్: ఆదివారం మార్కెట్ సెలవు కదా, ఆరోజు పెట్టండి. నెలకి రెండు ఆదివారాలు వస్తాను, ఫీజు వద్దు.

యజమానురాలు: కరపత్రంలో ఇంట్లో ఆడవాళ్ళని కూడా తీసుకురమ్మని రాయించండి.

కార్యదర్శి: మొదటి లైన్లోనే రాయిస్తానమ్మా.