ఎన్‌పీఆరా, ఎన్‌సీఆరా అని అడిగే ముందు
(విదేశాల్లో పీజీ ప్రవేశాలకు రాసే పరీక్ష జీఆర్‌ఈకి సిద్ధమవుతున్న ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పర్మ్యుటేషన్స్ లెక్క బోర్డు మీద రాయగానే క్లాసులో ఏదో ఒక మూల నుంచి ఒక ప్రశ్న వచ్చి తీరుతుంది. "సార్, ఇది ఎన్‌పీఆరా, ఎన్‌సీఆరా?" వరుస కూడా లెక్కలోకి వచ్చే అమరికలకు ఎన్‌పీఆర్, వరుసతో పని లేని ఎంపికలకు ఎన్‌సీఆర్. లెక్క పూర్తిగా చదవకముందే అడిగేస్తారు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. ఇంటర్ లెక్కల పేపర్ టూ-ఏలో మనకు అలాగే అలవాటైంది. ఎంసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. అంటే ఒక్కో బిట్‌కు నిమిషం దాటి ఏడెనిమిది సెకన్లు. ఆ పరుగులో ఏ ఫార్ములా అని వెతుక్కోకుండా ఎలా ఉంటారు?

జీఆర్‌ఈ సంగతి వేరు. 2023 సెప్టెంబర్‌లో పరీక్షను కుదించాక క్వాంట్, అంటే లెక్కల భాగం, మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండో సెక్షన్‌లో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు ఇస్తున్నారు. ఒక్కోదానికి దాదాపు నిమిషం 45 సెకన్లు. స్క్రీన్ మీద కాలిక్యులేటర్ ఉంటుంది. ట్రిగనామెట్రీ లేదు, కాలిక్యులస్ లేదు. తప్పు రాస్తే మార్కులు కోసేదీ లేదు. ఇంత వెసులుబాటు ఉన్నా మనవాళ్లు, నేను చూసినంతలో, తడబడేది లెక్కింపు, ప్రాబబిలిటీ, జామెట్రీ దగ్గరే. తెలివి చాలక కాదు. ఏం లెక్కపెడుతున్నామో తేల్చుకోకుండానే లెక్కపెట్టడం మొదలుపెడతారు. అందుకని ఈ పూట మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఫార్ములా జోలికి వెళ్లే ముందు, లెక్కపెట్టేది ఏమిటో రఫ్ పేపర్ మీద ఒక వాక్యం రాయండి. తెలుగులోనే రాసుకోండి, ఎవరూ చూడరు.

మన ఇళ్లలోంచే ఒక లెక్క తీసుకుందాం. పూజలో ఆచమనం చేసేటప్పుడు కేశవాయ స్వాహా, నారాయణాయ స్వాహా అంటూ మొదలయ్యే కేశవ నామాలు విన్నారు కదా. మొత్తం 24. ఆ 24 పేర్లకూ 24 విష్ణుమూర్తులు ఉన్నాయి. శంఖం, చక్రం, గద, పద్మం ఈ నాలుగూ అన్ని మూర్తుల్లోనూ ఉంటాయి. ఏది ఏ చేతిలో ఉందన్నదే తేడా. మొదటి చేతికి నాలుగు అవకాశాలు, రెండో చేతికి మూడు, మూడోదానికి రెండు, చివరిదానికి మిగిలిన ఒక్కటి. గుణిస్తే 24. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో లీలావతిలో సరిగ్గా ఇదే అడిగాడు. అక్కడితో ఆగకుండా పది చేతుల్లో పది వస్తువులు పట్టుకున్న శివుడికి ఎన్ని రూపాలని కూడా అడిగాడు. జవాబు 36,28,800. ప్రశ్నల పేపర్ తయారుచేసేవాళ్ల బుద్ధి అప్పటికీ ఇప్పటికీ పెద్దగా మారినట్టు లేదు.

ఇప్పుడు అదే విగ్రహం గురించి ఇంకో ప్రశ్న. పై రెండు చేతుల్లో ఉన్నవి ఏ రెండు? ఏది కుడి, ఏది ఎడమ అన్నది అడగడం లేదు. నాలుగింటిలోంచి రెండు ఎన్నుకోవడమే కాబట్టి 6. ఆ ఆరింటిలో ఒక్కోదానికీ పై చేతుల్లో రెండు రకాలుగా, కింది చేతుల్లో రెండు రకాలుగా మార్చుకోవచ్చు. 6 ఇంటూ 4, మళ్లీ 24. విగ్రహం మారలేదు, చేతులు మారలేదు, మారింది ప్రశ్నే. "ఎన్‌పీఆరా, ఎన్‌సీఆరా" అన్నదానికి జవాబు ప్రశ్నలో రెండు వస్తువులను అటూ ఇటూ మార్చి చూస్తే తెలుస్తుంది. మారిస్తే కొత్తది వచ్చిందా, పాతదే మిగిలిందా? అంతే.

కాస్త గట్టి లెక్కకు వద్దాం. ఐదుగురు మగవాళ్లు, నలుగురు ఆడవాళ్లు. నలుగురితో కమిటీ వేయాలి, కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. ఎన్ని రకాలుగా?

చాలామంది ఇలా చేస్తారు. ముందు ఇద్దరు ఆడవాళ్లను తీసుకుందాం, షరతు తీరిపోతుంది. నలుగురిలోంచి ఇద్దరు, 6 రకాలు. మిగిలిన ఏడుగురిలోంచి ఎవరినైనా ఇద్దరిని తీసుకోవచ్చు, 21 రకాలు. 6 ఇంటూ 21, 126. చూడటానికి ఎక్కడా వంక పెట్టలేం. ఆప్షన్లలో 126 తప్పకుండా ఉంటుంది కూడా, ఆ ప్రశ్న రాసినాయన మనల్ని బాగా ఎరిగినవాడు.

ఇప్పుడు అసలు ఏ షరతూ లేకుండా తొమ్మిదిమందిలోంచి నలుగురిని ఎన్ని రకాలుగా తీసుకోవచ్చో చూడండి. అదీ 126! అంటే ఏ కమిటీ వేసినా అందులో ఇద్దరు ఆడవాళ్లు ఉండి తీరాలన్నమాట. నలుగురూ మగవాళ్లే ఉన్న కమిటీలు ఐదు కళ్ల ముందే ఉన్నాయి కదా, అవి ఎటుపోయాయి?

ఎక్కడ దెబ్బతిన్నాం? కమిటీలో లక్ష్మి, సరళ, పద్మ అని ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారనుకోండి. లక్ష్మి, సరళలను "ముందు" తీసుకుని పద్మను తర్వాత చేర్చినా, సరళ, పద్మలను ముందు తీసుకున్నా, లక్ష్మి, పద్మలను ముందు తీసుకున్నా కమిటీ అదే. మన పద్ధతి దాన్ని మూడుసార్లు లెక్కపెట్టింది. నలుగురూ ఆడవాళ్లే ఉన్న కమిటీని ఆరుసార్లు లెక్కపెట్టింది. విడివిడిగా చేద్దాం. సరిగ్గా ఇద్దరు ఆడవాళ్లయితే 60, ముగ్గురైతే 20, నలుగురైతే 1. మొత్తం 81. అనుమానం ఉంటే 60కి, 20 ఇంటూ 3, 1 ఇంటూ 6 కలపండి, ఆ దొంగ 126 వచ్చేస్తుంది. "కనీసం" అన్న మాట కనిపించిన చోట ఎవరికైనా "ముందు" సీటు ఇచ్చేశారంటే రెండుసార్లు లెక్కపెడుతున్నారేమో అని అనుమానించండి. కేసులుగా విడగొట్టండి, లేదా మొత్తంలోంచి వద్దనుకున్నవి తీసేయండి. ఇక్కడ 126లోంచి 45 తీసేసినా 81 వస్తుంది.

ప్రాబబిలిటీకి నేను వేరే చాప్టర్ పెట్టను. అది రెండు లెక్కింపుల నిష్పత్తి, ఒక్క షరతు మీద. లెక్కపెట్టిన ప్రతిదానికీ సమాన అవకాశం ఉండాలి. ఆ షరతు దగ్గర డాలంబేర్ అంతటి గణితవేత్త జారిపడ్డాడు. 1754లో ఫ్రెంచ్ విజ్ఞాన సర్వస్వంలో ఆయన రాసిన వాదన ఇది. నాణేన్ని రెండుసార్లు వేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే అవకాశం ఎంత? మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయింది. లేకపోతే బొరుసు తర్వాత బొమ్మ, లేదా బొరుసు తర్వాత బొరుసు. మూడు కేసులు, రెండు మనకు అనుకూలం, కాబట్టి 2/3. అసలు జవాబు 3/4. మొదటిసారే బొమ్మ అన్న కేసు బరువు సగం, మిగిలిన రెండూ పావు వంతు చొప్పున. మూడింటినీ ఒకే తక్కెడలో పెట్టాడాయన. రెండు పాచికల మొత్తం 2 నుంచి 12 దాకా 11 రకాలు కాబట్టి 7 పడే అవకాశం 1/11 అని రాసేవాళ్లు చేసేదీ ఇదే పని. 7 పడేది 36లో 6 సార్లు.

జామెట్రీ దగ్గర మన ఇబ్బంది ఇంకో రకం. పదో తరగతి తర్వాత మనం త్రిభుజాన్ని సరిగా చూడలేదు. ఇంటర్‌లో హైపర్‌బోలా సమీకరణాలు అలవోకగా రాసినవాళ్లు మామూలు త్రిభుజం దగ్గర బొమ్మను నమ్మి మోసపోతారు. ఒక త్రిభుజంలో రెండు భుజాలు 6, 8. క్వాంటిటీ ఏ దాని వైశాల్యం, క్వాంటిటీ బి 24. రెండింట్లో ఏది పెద్దది, లేక సమానమా, లేక తేల్చలేమా అన్నది ప్రశ్న. బొమ్మలో ఆ రెండు భుజాల మధ్య కోణం లంబకోణంలాగే కనిపిస్తుంది. 6-8-10 గుర్తొచ్చి "రెండూ సమానం" అని నొక్కేస్తారు. లంబకోణం గుర్తు ఉందా? లేదు. జీఆర్‌ఈలో జామెట్రీ బొమ్మలు స్కేలుకు ఉండాలని లేదని వాళ్లే ముందు చెప్తారు. గ్రాఫులు, నంబర్ లైన్లు మాత్రం స్కేలుకే ఉంటాయి. 6ను ఆధారంగా పెట్టి 8ని తలుపులా అటూ ఇటూ తిప్పి చూడండి. నిటారుగా ఉన్నప్పుడే ఎత్తు 8, వైశాల్యం 24. కాస్త వంగినా తగ్గిపోతుంది. సమానమూ కావచ్చు, తక్కువా కావచ్చు కాబట్టి జవాబు "ఇచ్చిన సమాచారంతో తేల్చలేం" అన్నదే. అన్నట్టు, ఎంబీఏ ప్రవేశాల కోసం జీమ్యాట్ రాసేవాళ్లు ఎవరైనా ఉంటే మీకో మంచి వార్త, 2023 నవంబర్‌లో వచ్చిన కొత్త రూపంలో క్వాంట్ నుంచి జామెట్రీని తీసేశారు. కాలిక్యులేటర్ మాత్రం అక్కడ క్వాంట్‌లో ఉండదు.

చివరగా మూడూ కలిసిన లెక్క ఒకటి. క్రమ షడ్భుజికి ఉన్న ఆరు శీర్షాల్లోంచి యాదృచ్ఛికంగా మూడు ఎన్నుకుంటే అది లంబకోణ త్రిభుజం అయ్యే సంభావ్యత ఎంత?

ఆరు శీర్షాలనూ కలుపుతూ ఒక వృత్తం గీయండి. ప్రశ్నలో వృత్తం లేదు, మనమే గీసుకోవాలి. జామెట్రీలో సగం పని ఇలా లేని గీత గీయడమే. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం అని పదిలోపే చదివాం. కాబట్టి త్రిభుజంలో ఒక భుజం వ్యాసం అయితేనే లంబకోణం వస్తుంది. వ్యాసాలు మూడు. ఒక్కోదానికి మూడో శీర్షంగా మిగిలిన నాలుగింట్లో ఏదైనా సరే, 12. మొత్తం త్రిభుజాలు 20. జవాబు 12/20. జీఆర్‌ఈలో ఖాళీలో భిన్నం రాయమంటే 12/20 అని రాసినా ఒప్పుకుంటారు, 3/5 దాకా కుదించాల్సిన పని లేదు.

ఇదే ఇంకోలా చూడండి. ఎన్నుకున్న మూడు శీర్షాల్లో జతలు మూడు. ఒక శీర్షానికి సరిగ్గా ఎదురుగా ఉండేది మిగిలిన ఐదింట్లో ఒక్కటే, కాబట్టి ఒక జత వ్యాసం కావడానికి 1/5. రెండు జతలు ఒకేసారి వ్యాసాలు కాలేవు, కాబట్టి నేరుగా కూడొచ్చు. 3/5. అష్టభుజికి ఎంత? మిగిలినవి ఏడు, 3/7. ఇక్కడ ఏ ఫార్ములా వాడాం అని అడగకండి.

మరి సప్తభుజికి? ఇదే తీరులో 3/6 అని ఎవరో అనబోతున్నారు, పెదవులు కదలడం కనిపిస్తోంది. బొమ్మ గీసి చూడండి. ఏడు శీర్షాల్లో ఏ ఒక్కదానికీ ఎదురుగా శీర్షం లేదు, వ్యాసమే లేదు. సున్నా.

ఇక మీ ప్రశ్నలు అడగండి. మైకు వెనక బెంచీల నుంచి మొదలుపెడదాం.