అక్టోబరులో బిగ్ మూర్: పూత రాలాక చూడాల్సిన బీడు

నమస్కారం. ఇందాక వినిపించిన ఆ అరుపు విన్నారా? ఆబోతు రంకెలా ఉంది కదా. అది మగ దుప్పి. ఇక్కడి ఈ జాతిని రెడ్ డీర్ అంటారు.

నేనున్నది ఇంగ్లండ్‌లో, షెఫీల్డ్ నగరం దాటగానే వచ్చే బిగ్ మూర్‌లో. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కు అయిన పీక్ డిస్ట్రిక్ట్‌లో ఇదొక భాగం. మూర్ అంటే చెట్లు పెద్దగా లేని, గాలికి అడ్డులేని ఎత్తైన బీడు. కింద నీళ్లు పీల్చుకున్న నల్లటి పీట్ నేల, పైన హెదర్ పొదలు, గడ్డి. ఆగస్టులో హెదర్ ఊదా రంగులో పూస్తే జనం విరగబడి వస్తారు. పూత రాలగానే రావడం మానేస్తారు. నన్నడిగితే ఈ నేల అసలు సందడి అక్టోబరులోనే.

దుప్పుల కోసమైతే వైట్ ఎడ్జ్ అనే గట్టు మీదికి ఎక్కండి. కిందున్న బీడంతా కనిపిస్తుంది. ఇది వాటి జత కట్టే కాలం. ఈ ఉదయం రెండు మగ దుప్పులు ఎదురుపడ్డాయి. వెంటనే కలబడలేదు. పక్కపక్కనే, అడుగులో అడుగు వేస్తూ చాలాసేపు నడిచాయి. ఎదుటివాడి బలం అంచనా వేయడానికే ఆ నడక. ఒకదాని కొమ్ములకు గడ్డి పోచలు వేలాడుతున్నాయి, మెడ నిండా నల్ల బురద. చివరికి చిన్నది మెడ తిప్పుకుని వెళ్లిపోయింది. చాలా తగవులు ఇలాగే, దెబ్బ పడకుండానే తేలిపోతాయి. దయచేసి దగ్గరికి మాత్రం వెళ్లకండి. 8×42 బైనాక్యులర్ ఉంటే చాలు, గట్టు మీది నుంచే అన్నీ తెలుస్తాయి.

ఇక పక్షులు. ఈ రోవన్ చెట్టు చూడండి, ఎర్రటి పళ్ల గుత్తులు. కుడి కొమ్మ మీద నల్లటి పిట్ట, ఎద మీద తెల్లటి నెలవంక. రింగ్ ఔజల్! ఈ పళ్లతో ఒళ్లు పెంచుకుని మొరాకో వైపు అట్లాస్ కొండలకు వెళుతుంది. అది వెళ్లే వేళకే స్కాండినేవియా నుంచి రెడ్‌వింగ్‌లు దిగుతాయి, రాత్రికి రాత్రి సముద్రం దాటి. ఒకరికి వీడ్కోలు, ఒకరికి స్వాగతం, రెండూ ఈ ఒక్క చెట్టు మీదే.

ఆగండి, పైన... బాతులు! పింక్‌ఫుట్ బాతుల బారు. ఐస్‌లాండ్ నుంచి వచ్చినవి, నార్ఫోక్ తీరం వైపు పోతున్నాయి. అరుపు వినండి.

హెదర్ కొసన కూర్చుని రెండు గులకరాళ్లు తాటించినట్టు టక్ టక్ మనే చిన్న పిట్ట స్టోన్‌చాట్. దీని సైబీరియా చుట్టం చలికాలంలో మన పొలాల కంచెల మీద వాలుతుంది. అందుకే దీన్ని చూసినప్పుడల్లా నాకు ఊరు గుర్తొస్తుంది. బాట మీద కాళ్ల కింద కూడా చూసుకోండి. వేలంత పొడవున్న ఈ గోధుమ రంగు గొంగళిపురుగు ఫాక్స్ మాత్‌ది. చలికాలమంతా ఇలాగే గడిపి వసంతంలో గూడు కట్టుకుంటుంది. ముట్టుకోకండి, నూగు దురద పెడుతుంది.

ఇబ్బందులూ చెప్పాలి. గాలి చెవులు కోసేస్తుంది. బాట వదిలితే చీలమండ దాకా దిగబడతారు, మామూలు బూట్లు పనికిరావు. గొలుసు లేకుండా వదిలిన కుక్కలు పొదల్లో దూరి పక్షులను లేపేయడం ఈ రోజూ చూశాను, చాలా బాధేసింది.

నా మార్కులు పదికి తొమ్మిది. నెలాఖరు ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత సాయంత్రం ఐదింటికల్లా చీకటి ముసురుతుంది, దుప్పుల అరుపులూ సద్దుమణుగుతాయి. రావాలనుకుంటే ఈ రెండు వారాల్లోనే, తెల్లవారుతుండగా రండి.