మాత్రలు తర్వాత, ముందు మంచం మీద పడుకోబెట్టండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే భోజనాల వేళ అయిపోతుంది, అందుకే అందరికీ కలిపి ఒకటే దండం. పర్లాకిమిడిలో నిలబడి చెవి గురించి మాట్లాడుతూ గిడుగు రామమూర్తిగారిని తలవకుండా ఉండలేను. సవర ఊళ్ళు తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి వినికిడి పోగొట్టుకున్న మనిషి. అప్పుడు వేరే దారి లేదు. ఇవాళ నా గొడవ, తల తిరుగుడుకి వేరే దారి ఉండి కూడా మాత్రలు మింగించడం గురించి.

పక్క మీద ఒకవైపు ఒత్తిగిలితే ఇల్లంతా గిర్రున తిరిగేవాళ్ళు, అటక మీది డబ్బా అందుకోబోయి తూలేవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. చూశారా! మీలో చాలామందికి బీపీ అనో, గ్యాస్ అనో, మెడ ఎముక అరిగిందనో చెప్పి ఉంటారు.

గుణుపురంలో మా పెద్దత్తకీ ఇదే చెప్పారు. నేనప్పుడు దూరంగా ఉద్యోగంలో ఉన్నాను. తల తిరక్కుండా ఇచ్చిన మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకుంది, పడుకుంటే తిరుగుతుందని గోడకి జేరబడి కూర్చునే నిద్రపోయేది. కొన్నాళ్ళకి చేతులు వణకడం మొదలైంది, వణుకుకి ఇంకో మాత్ర రాశారు! ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరిజిన్ లాంటి తల తిరుగుడు మాత్రలు పెద్దవయసులో ఎక్కువకాలం వాడితే అవే పార్కిన్‌సన్స్ లాంటి వణుకు తెప్పిస్తాయి. ఇంకా విశాఖ తీసుకెళ్ళి స్కానింగ్ చేయించారు, ఆ డబ్బుకి కొంత పొలం కౌలుకి వచ్చేది. ఇంతమందిలో ఒక్కరూ ఆవిడని మంచం మీద పడుకోబెట్టి కళ్ళు చూడలేదు, నా బాధంతా అదే.

ఏం చూడాలంటే: లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. పక్కనున్న సంచిలో ఉండాల్సిన కాల్షియం కార్బొనేట్ రేణువులు వయసు వల్లో, తలకి దెబ్బ తగిలో ఊడి గొట్టంలో పడితే, తల కదిలినప్పుడల్లా లేని తిరుగుడు ఉందని మెదడుకి కబురెళ్తుంది. నిమిషంలోపే తగ్గుతుంది. దీన్నే బీపీపీవీ అంటారు, అంటే తల కదిపితే వచ్చిపోయే, ప్రాణభయం లేని తిరుగుడు. తల పక్కకి 45 డిగ్రీలు తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం కిందికి వాల్చితే కొద్ది క్షణాల్లో కనుగుడ్లు కొట్టుకుంటాయి. డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు ఈ పరీక్షని 1952లో రాశారు. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు.

చెవిలో చల్లనీళ్ళు, వేడినీళ్ళు పోసి కళ్ళు ఎటు కదులుతాయో చూసే పరీక్ష కనిపెట్టిన బారనీకి 1914 నోబెల్ వచ్చిందని తెలిసేటప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. ఆయన కథ చెప్పడం మొదలుపెడితే నేను ఆగను, వదిలేద్దాం.

ఈ బీపీపీవీకి వైద్యం కూడా ఆ పడుకోబెట్టే పరీక్ష లాంటిదే. ఎప్లీ అనే అమెరికా డాక్టరు తలని వరసగా తిప్పి రేణువుల్ని సంచిలోకి పంపే పద్ధతి చూపిస్తే తోటివాళ్ళు వెక్కిరించారు, 1992లో వ్యాసం వచ్చాక దారికొచ్చారు. అత్తకి నేను చేసింది అదే. లేచి కూర్చుని, "ఒరే, ఇంతేనా?" అని నన్నే తిట్టింది! బియ్యంలో రాయిని ఏరాలి గానీ ఎంత ఉడికిస్తే మాత్రం కరుగుతుందా? మాత్ర వాంతులకి రెండు మూడు రోజులు చాలు.

అన్ని తిరుగుళ్ళూ ఇవే కావు. గంటల తరబడి తిరిగి, చెవిలో హోరు, వినికిడి తగ్గడం ఉంటే మెనియర్ అనే లోపలి చెవి జబ్బు కావచ్చు. జలుబు తర్వాత రోజుల తరబడి ఆగకుండా తిరిగితే చెవి నరం వాపు కావచ్చు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ సూదులు పడ్డాక నడక తూలితే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, అసలు నిలబడలేకపోయినా అది చెవి కాకపోవచ్చు, పక్షవాతం కావచ్చు. అప్పుడు తల తిప్పుతూ కూర్చోవద్దు, బరంపురమో శ్రీకాకుళమో, ఏది దగ్గరైతే అక్కడికి బండి కట్టించండి.

సరే, ఆ బల్ల ఇటు జరపండి బాబూ. చేతులెత్తినవాళ్ళు ఒక్కొక్కరే రండి, మెడ ఆపరేషన్ అయినవాళ్ళు మాత్రం అక్కడే కూర్చోండి, మీతో విడిగా మాట్లాడతాను.