వీడియో కాల్ ఎన్నిసార్లు ‘తొలిసారి’ వచ్చింది?

(దృశ్యం: శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక కొబ్బరి తోట. చేతిలో పాత ఫోను. స్క్రీను పైన చిన్న కెమెరా.)

నమస్కారం. ఈ ఫోనును మా నాన్న 2010 చివర్లో కొన్నారు. స్క్రీను పైన ఈ చిన్న కన్ను చూడండి, దీని కోసమే కొన్నారు. అప్పటికి అన్నయ్య సింగపూర్‌లో వెల్డింగు పనికి వెళ్లి రెండేళ్లయింది. ఇకమీదట ఫోనులో మనిషిని చూస్తూ మాట్లాడవచ్చని ఒక పత్రికలో వార్త వచ్చింది. నాన్న ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని, కొబ్బరికాయలు అమ్మిన డబ్బుతో శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక దుకాణానికి వెళ్లారు. సింగపూర్‌లో అన్నయ్య కూడా ఇలాంటిదే కొన్నాడు.

ఈ ఫోనులో అన్నయ్య ముఖం ఒక్కసారి కూడా కనబడలేదు. ఫోనులో లోపం లేదు. మా ఊరి టవరు టూజీది. వీడియో కాల్‌కు దాని తరువాతి తరమైన త్రీజీ కావాలన్న ఒక్క మాట వార్తలో రాయలేదు.

(దృశ్యం: పలక మీద సుద్దతో అంకెలు.)

ఆ ఒక్క మాట ఎందుకంత ముఖ్యమో చూడండి. టూజీ మాట కోసం వేసిన దారి. మన గొంతును సెకనుకు 13 వేల బిట్లకు కుదించి పంపుతుంది. బిట్ అంటే సమాచారంలో అతి చిన్న ముక్క, ఒక సున్నా లేదా ఒకటి. ఇక బొమ్మ సంగతి. ఆనాటి ఫోనుల్లో వీడియో కాల్ బొమ్మ అడ్డంగా 176 చుక్కలు, నిలువుగా 144 చుక్కలు. మొత్తం 25,344 చుక్కలు. చుక్కకు 12 బిట్ల లెక్కన సెకనుకు 15 బొమ్మలు ఉన్నవి ఉన్నట్టు పంపాలంటే 45 లక్షల బిట్లకు పైనే కావాలి. త్రీజీలో వీడియో కాల్‌కు కేటాయించిన దారి సెకనుకు 64 వేల బిట్లు, గొంతు కూడా అందులోనే పోవాలి.

మరి ఎలా పట్టింది? అమ్మ గోడకు ఆనుకుని మాట్లాడుతుందనుకోండి. గోడ కదలదు. కదిలేవి కళ్లు, పెదవులు, చెయ్యి. గోడను ఒకసారి పంపితే చాలు, ఆ తరువాత మారిన భాగాల్నే పంపుతారు. అందుకే నడుస్తూ మాట్లాడితే బొమ్మ చెదిరిపోతుంది, వెనక ఉన్నదంతా మారిపోతూ ఉంటుంది కదా. ఈ కుదింపు లెక్క కనిపెట్టినవారి శ్రమ నాకు ఎప్పుడూ అబ్బురమే. వార్తల్లో వారి ప్రస్తావన దాదాపు ఉండదు. ఫోను పేరు, ధర, రంగు ఉంటాయి.

(దృశ్యం: పాత ఫోనుల బొమ్మలు వరుసగా.)

ఇప్పుడు ‘తొలిసారి’ అనే మాట దగ్గరికి వద్దాం. 2010 జూన్‌లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 4తో పాటు ఫేస్‌టైమ్‌ను తెచ్చింది. దశాబ్దాల కల నిజమైందని ప్రచారం చేసింది. ఆ ప్రచారాన్నే వార్తగా మార్చి, వీడియో కాల్ అప్పుడే పుట్టినట్టు రాసినవారు ఉన్నారు. నిజానికి మొదట్లో అది వైఫై ఉన్నచోటే పనిచేసింది, అటువైపు కూడా అదే ఫోను ఉండాలి. మొబైల్ నెట్‌వర్క్ మీద ఫేస్‌టైమ్ రావడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది.

అంతకు చాలా ముందే జపాన్‌లో 1999లో క్యోసెరా సంస్థ సెకనుకు రెండు బొమ్మలు పంపే ఫోను అమ్మింది. 2001లో అక్కడి టెలిఫోను సంస్థ డొకోమో త్రీజీ సేవ మొదలుపెట్టినప్పుడు అందులో వీడియో కాల్ ఉంది. 2007 నాటి నోకియా ఎన్95కి ముందు కెమెరా ఉంది. ఇంకా వెనక్కి వెళితే, 1970లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో బొమ్మ కనబడే టెలిఫోను నెలకు 160 డాలర్లకు ఇచ్చారు. ఆ ధరకు దాదాపు ఎవరూ నిలవలేదు.

ఇదంతా చెప్పడం ఆపిల్ మీద కోపంతో కాదు. ‘ఈ సంస్థ ఫోనులో తొలిసారి’ అన్నది అనువాదమై, శీర్షికకు సరిపడా కుదించుకుని, చివరికి ‘ప్రపంచంలో తొలిసారి’ అవుతుంది. మధ్యలో ఎవరూ పాత ఫోను తీసి చూడరు. అది మా నాన్నలాంటి పాఠకుడి జేబులోంచి డబ్బు తీయిస్తుంది.

ఫైవ్‌జీ వార్తల్లోనూ అంతే. బైటు అంటే ఎనిమిది బిట్లు కాబట్టి, మెగాబిట్లను మెగాబైట్లని రాస్తే వేగం ఒక్క అక్షరంతో ఎనిమిది రెట్లవుతుంది. ‘ఆలస్యం ఒక్క మిల్లీసెకను’ అనే మాట కూడా మీరు చదివే ఉంటారు. అది ఫోనుకూ టవరుకూ మధ్య, ప్రత్యేక పరిస్థితుల్లో చేరుకోవాలనుకున్న లక్ష్యం. టవర్ల వెనక సమాచారాన్ని వెలుగుగా మోసే గాజు తీగలో (ఆప్టికల్ ఫైబర్‌లో) వెలుగు మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు పోతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికే ఆ మిల్లీసెకను దాదాపు అయిపోతుంది. సింగపూర్ మనకు నేరుగా కొలిచినా సుమారు 2,900 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 29 మిల్లీసెకన్లు తప్పవు. ఏ ‘జీ’ వచ్చినా వెలుగును తొందరపెట్టలేదు.

ఇంకొకటి, గల్ఫ్‌కు మనుషులను పంపిన ఇళ్ల కోసం. దుబాయ్‌లో ఉన్నవారికి వాట్సాప్‌లో వీడియో కాల్ కలవకపోతే మా వీధిలో చాలామంది మన ఊరి టవరునే తప్పుపట్టారు. కొత్త ఫోను కొన్నవారూ ఉన్నారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఆ కాల్స్‌కు అనుమతి లేకపోవడమే కారణం. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు వేరే ఉన్నాయి. రెండు చివరలా కెమెరా, మధ్యలో దారి, ఆ దారిలో పోనిచ్చే చట్టం, ఇన్ని కుదరాలి.

(దృశ్యం: మళ్లీ తోట. మొదళ్లు మాత్రమే మిగిలిన చెట్లు.)

2016 సెప్టెంబరులో జియో, నవంబరులో వాట్సాప్ వీడియో కాల్ వచ్చాయి. డేటా చవకైంది. అన్నయ్య ముఖం మా ఇంట్లో రోజూ కనబడసాగింది. నాన్న ఈ పాత ఫోనును బీరువాలో దాచారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొత్త ఫోను చేతిలోనే ఉంది, యాప్ ఉంది, డేటా ఉంది. టవరుకు కరెంటు లేదు. రోజుల తరబడి అన్నయ్యకు మేము బతికి ఉన్నామో లేదో తెలియలేదు. సిగ్నల్ వచ్చిన సాయంత్రం అమ్మ మాట్లాడలేదు. ఫోనును తోట వైపు తిప్పి, పడిన చెట్లను ఒక్కొక్కటిగా చూపించింది. అటువైపు అన్నయ్య లెక్కపెడుతున్నాడు. నలభై ఒకటి దగ్గర ఆపేశాడు.