ఎల్‌ఎఫ్‌టీ రిపోర్టులో బోల్డ్ అంకెలు లెక్కపెట్టకండి: లివర్ జబ్బుల్ని ఎలా గుర్తుపడతారు?

[స్క్రీన్ మీద రెండు రిపోర్టులు పక్కపక్కన]

ఇవి లివర్ ఫంక్షన్ టెస్ట్ (ఎల్‌ఎఫ్‌టీ) రిపోర్టులు. ఎడమవైపు దాంట్లో ఎస్‌జీపీటీ 2,140, కామెర్లని చూపే బిలిరుబిన్ 9. కుడివైపు దాంట్లో ఎస్‌జీపీటీ 38, బిలిరుబిన్ 1.8. రెండూ ఈ వీడియో కోసం తయారు చేసిన నమూనాలే. ఎవరి లివర్ ఎక్కువ పాడైందని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది ఎడమవైపే చూపిస్తారు. డాక్టరుకి మాత్రం కుడివైపు మనిషి గురించే టెన్షన్.

నమస్తే అండీ, చెన్నై నుంచి మాట్లాడుతున్నాను. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి సెంట్రల్‌లో దిగి, చంకలో ప్లాస్టిక్ ఫైలుతో ఆసుపత్రులకు వచ్చే మనవాళ్లు ఇక్కడ రోజూ కనిపిస్తారు. రిపోర్టు చేతికి రాగానే, హద్దు దాటాయని ముదురుగా అచ్చు వేసిన బోల్డ్ అంకెలు ముందు వెతుకుతారు. "అన్నా, ఐదు బోల్డ్‌లో ఉన్నాయి" అని ఊరికి ఫోన్ వెళ్లిపోతుంది. బోల్డ్ ఎన్ని ఉన్నాయన్నది లెక్క కాదు. ఏవి కలిసి పెరిగాయి, ఏవి కదల్లేదు, మనిషి ఏం బాధ చెప్తున్నాడు... ఇవన్నీ కలిపి చదవాలి.

ముందు ఎడమవైపుది చూద్దాం. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనేవి లివర్ కణాల లోపల ఉండే ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి వస్తాయి. మామూలుగా 40 లోపు ఉండాల్సినవి వేలల్లో ఉన్నాయంటే, లివర్‌కి ఈమధ్యే, ఒక్కసారిగా పెద్ద దెబ్బ తగిలిందని. నాలుగు రోజులు జ్వరం, వాంతులు, అన్నం వాసనే పడకపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆ తర్వాత కళ్లు పచ్చబడటం. ఈ వరస చెప్తే వైరల్ హెపటైటిస్ అనుకుని హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌లు కొత్తగా సోకాయేమో చెప్పే ఐజీఎం పరీక్షలు, బీకి హెచ్‌బీఎస్‌ఏజీ, సీకి యాంటీ హెచ్‌సీవీ రాస్తారు. ఏ, ఈ రెండూ ఎక్కువగా నీళ్ల ద్వారా వస్తాయి, చాలామందిలో వాటంతట అవే తగ్గిపోతాయి. గర్భిణికి, ముఖ్యంగా ఆఖరి నెలల్లో, హెపటైటిస్ ఈ వస్తే మాత్రం ప్రాణాపాయం. ఇంట్లో ఉంచి చూద్దాం అనుకోకూడదు. పారాసిటమాల్ మోతాదు మించినా, టీబీ మందులు పడకపోయినా అంకెలు ఇలాగే ఎగబాకుతాయి. అందుకే ఏయే మాత్రలు వేసుకుంటున్నారని గుచ్చి గుచ్చి అడుగుతారు.

మందు తాగే లివర్‌ది వేరే తీరు. అక్కడ ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీకి రెట్టింపు దాటి ఉంటుంది, కానీ 300 దాటడం అరుదు. వేలల్లో ఉంటే తాగుడొక్కటే కారణం కాదు, ఇంకోటి తోడైనట్టే. జీజీటీ అనే ఇంకో ఎంజైము కూడా ఎక్కువ ఉంటుంది. రక్త పరీక్షలో ఎంసీవీ, అంటే ఎర్ర కణాల సైజు, పెరుగుతుంది. "అలవాటుందా?" అంటే "అప్పుడప్పుడు సార్, ఫంక్షన్లకి" అంటాడాయన. పక్కనున్న భార్య సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తుంది. జవాబు సగం అక్కడే దొరుకుతుంది.

[స్క్రీన్ మీద: ఏఎల్‌పీ, జీజీటీ, డైరెక్ట్ బిలిరుబిన్]

ఇప్పుడు ఎస్‌జీపీటీ కాస్తే పెరిగి, పైత్యనాళాల వైపు ఎంజైము ఏఎల్‌పీ, జీజీటీ, డైరెక్ట్ బిలిరుబిన్ (పైత్యరసంలోకి పంపడానికి లివర్ సిద్ధం చేసింది) బాగా పెరిగాయనుకోండి. పైత్యరసం దిగే దారిలో అడ్డం ఉందేమో చూడాలి. ఇలాంటివాళ్లకి రాత్రిళ్లు అరచేతులు, అరికాళ్లు దురద. మలం తెల్లగా, బంకమట్టిలా వస్తుంది. ఈ మాట చెప్పడానికి జనం మొహమాటపడతారు. పడొద్దు, డాక్టరుకి దీనికి మించిన ఆధారం లేదు. వెంటనే అల్ట్రాసౌండ్ చేస్తారు. కుడివైపు డొక్కలో నొప్పి, కామెర్లు, వణుకుతో జ్వరం మూడూ ఉంటే నాళంలో రాయి అడ్డుపడి ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు. అది ఆ రోజే ఆసుపత్రిలో చేరాల్సిన సంగతి. అరవై దాటిన మనిషికి నొప్పీ లేకుండా పచ్చబడి, బరువు తగ్గుతుంటే పాంక్రియాస్ క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి సీటీ తీస్తారు. ఏఎల్‌పీ ఒక్కటే పెరిగి జీజీటీ మామూలుగా ఉంటే మాత్రం లివర్‌ని అనుమానించక్కర్లేదు. ఎముకల నుంచీ ఏఎల్‌పీ వస్తుంది. ఎదిగే పిల్లల్లో, గర్భిణుల్లో ఎక్కువ ఉండటం సహజం.

ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ (లివర్ ఇంకా సిద్ధం చేయనిది) ఒక్కటే కొంచెం పెరిగి, హిమోగ్లోబిన్‌తో సహా మిగతావన్నీ శుభ్రంగా ఉంటే చాలాసార్లు గిల్బర్ట్ సిండ్రోమ్. పుట్టుకతో వచ్చేదే. ఉపవాసం ఉంటే పెరుగుతుంది, తింటే తగ్గుతుంది. మందు అవసరం లేదు. హిమోగ్లోబిన్ కూడా తగ్గి ఉంటే ఎర్ర కణాలు విరిగిపోతున్నాయేమో చూస్తారు.

ఇక కుడివైపు రిపోర్టు. ఎస్‌జీపీటీ 38 చూసి ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. కిందికి రండి. ఆల్బుమిన్ అనే ప్రోటీన్ 2.6, తక్కువ. ఇంకో కాగితంలో ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందన్న కొలత, 1.9, ఎక్కువ. ప్లేట్‌లెట్లు 72,000, తక్కువ. మనిషికి కాళ్ల వాపు, పొట్టలో నీరు. ఇది సిరోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోవడం. కాలిపోయిన ఇంట్లోంచి పొగ రానట్టే, బతికున్న కణాలే తక్కువైన లివర్ నుంచి ఎంజైములు పెద్దగా రావు. ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లు లివరే తయారు చేయాలి. అది చేయలేకపోతోందని ఆల్బుమిన్, ఐఎన్ఆర్ చెప్తున్నాయి. సిరోసిస్ వల్ల ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లని పట్టి ఉంచుతుంది. నన్నడిగితే, లివర్ ఎంత పనిచేస్తోందో తెలియాలంటే ఎస్‌జీపీటీ కంటే ముందు ఈ మూడే చూడాలి. లివర్ ఫంక్షన్ టెస్ట్ అంటారు గానీ, ఐఎన్ఆర్ చాలా ల్యాబుల్లో ఆ ప్యాకేజీలోనే ఉండదు!

ఎడమవైపు మనిషికీ ఇదే కొలబద్ద. వారానికి ఎస్‌జీపీటీ రెండు వేల నుంచి మూడొందలకి దిగింది, బిలిరుబిన్, ఐఎన్ఆర్ కూడా దిగాయి, మంచిదే, కోలుకుంటున్నాడు. ఎస్‌జీపీటీ దిగుతూ ఆ రెండూ ఎక్కుతుంటే అది తగ్గడం కాదు, లివర్ చేతులెత్తేయడం. మాట తడబడటం, పగలు నిద్ర, రాత్రి మెలకువ మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా లివర్ ట్రాన్స్‌ప్లాంట్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఫ్యాటీ లివర్ మాటకొస్తే, ఇక్కడ ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు కుర్రాళ్లు స్కాన్‌లో "గ్రేడ్ 1" చూసి వణికిపోతారు. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లతో ఫిబ్-4 అనే లెక్క ఉంది. 1.3 లోపు వస్తే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. బరువు, షుగర్ చూసుకుంటే సరి. 2.67 దాటితే లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్, లివర్ స్పెషలిస్టు.

చివరగా పసరు మందు. కామెర్లనగానే మనం నేల ఉసిరి అంటాం, ఇక్కడివాళ్లు కీళానెల్లి అంటారు. ఈ మొక్కని తేలిగ్గా తీసిపారేయలేదు. మద్రాసులో ఎస్.పి. త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బీ వైరస్‌ని కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్‌తో కలిసి దీన్ని పరీక్షించింది. 1988లో 'లాన్సెట్'లో ఫలితాలు వచ్చాయి: మందు తీసుకున్నవాళ్లలో 59 శాతం మందికి రక్తంలో బీ వైరస్ గుర్తు అయిన హెచ్‌బీఎస్‌ఏజీ పోయిందని. ప్రపంచమంతా తిరిగి చూసింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. హెపటైటిస్ ఏ ఎలాగూ దానంతట అదే తగ్గుతుంది కాబట్టి పేరు పసరుకి దక్కుతుంది. రాయి అడ్డుపడ్డ కామెర్లకి పసరు తాగుతూ కూర్చుంటే విలువైన రోజులు పోతాయి. కొన్ని మూలికలు లివర్‌ని తామే దెబ్బతీస్తాయి కూడా. తాగితే తాగారు, తిడతారేమోనని దాచకండి. పొట్లం, సీసా ఏది మిగిలినా ఫైలుతో పాటు పట్టుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి.