కబుకి నటుల బొమ్మ చేత్తో గీయాలంటే: కత్తి గీత కుంచెకి లొంగేదెలా

హోస్ట్: నమస్కారమండీ. ఈ ఎపిసోడ్‌లో కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకంలోని నటుల బొమ్మల్ని, అంటే యకుష-ఎ ని, చేత్తో కాపీ చెయ్యడం గురించి మాట్లాడుకుందాం. మొదలుపెట్టేవాళ్లని ఏ బొమ్మ తీసుకోమంటారు?

ఆర్టిస్ట్: షరకు అనే చిత్రకారుడు 1794లో చేసిన మూడో ఓతాని ఒనిజి (ఆ పేరు పెట్టుకున్న మూడో నటుడు) బొమ్మ. ఎదోబెయి అనే నౌకరు వేషం. పబ్లిషర్ త్సుతయ జూజబురో. నల్లటి అభ్రకం నేపథ్యంతో అప్పుడు 28 పెద్ద తలల బొమ్మలు వచ్చాయి, వాటిలో ఇదొకటి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పెద్ద ఫైలు ఉచితంగానే ఇస్తుంది. దాన్ని అసలు సైజులోనే, అంటే సుమారు 38 సెంటీమీటర్ల ఎత్తు, 25 వెడల్పుతో ప్రింట్ తీయించి లైట్‌బాక్స్ మీద ట్రేస్ చెయ్యండి. సైజు తగ్గిస్తే కణతల దగ్గర వెంట్రుకలన్నీ ముద్దైపోతాయి.

హోస్ట్: అసలుదేమో చెక్క అచ్చు. కుంచెతో గీస్తే తేడా ఎక్కడ కొడుతుంది?

ఆర్టిస్ట్: గీతలోనే. చిత్రకారుడి గీతని చెక్కేవాడు రెండు పక్కలా కత్తితో కోస్తాడు. అందుకే అచ్చులో గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే నలుపు, అంచులు పదును. కుంచె అలా కాదు. మొదట్లో సిరా చుక్క కడుతుంది, చివర్లో ఎండి చీలుతుంది. కాపీ అని పట్టించేసేవి ఈ రెండే. సుమిని, అంటే జపాన్ నల్ల సిరా కడ్డీని, రాయి మీద చిక్కగా నూరి, మెన్సో అనే సన్న కుంచెని మొన దాకా తడిపి, పక్క కాగితం మీద ఒకసారి ఒత్తి తియ్యండి. పొడుగు గీత ఒక్క ఊపులో వెళ్లాలి. అతుకు పెట్టి మళ్లీ దిద్దితే అక్కడ లావైపోతుంది. ముఖం గీతలు సన్నం, బట్టల గీతలు లావు. ఆ తేడా పోతే ముఖం మొరటుగా కనిపిస్తుంది.

హోస్ట్: ఆ చేతులు మరీ చిన్నగా ఉంటాయి కదండీ!

ఆర్టిస్ట్: వాటిని దిద్దొద్దు, దయచేసి. వేళ్లు విప్పారి, ఛాతీ మీంచి ముందుకి పొడుచుకొచ్చి, ముఖంతో పోలిస్తే మరీ చిన్నగా ఉంటాయి. చాలామంది తెలియకుండానే వాటిని పెంచేస్తారు. పెంచారంటే ముందుకి తోసిన ఆ ముఖంలోని దూకుడు అంతా పోతుంది.

హోస్ట్: కాగితం సంగతి?

ఆర్టిస్ట్: కోజో, అంటే మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన కాగితం. దానికి దోస, అంటే సిరా పాకకుండా కాగితానికి పూసే జిగురు, పటిక నీళ్లు, పట్టించాలి. లీటరు నీళ్లకి నికావా అనే జంతు జిగురు 15 గ్రాములు, పటిక 7 గ్రాములు వేస్తే సరిపోతుంది. జిగురుని రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, పొద్దున వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. మరగనిస్తే జిగురు పట్టు పోతుంది. పటిక ఆఖర్న. వెడల్పు కుంచెతో ఒకే దిశలో పూసి, నీడలో ఆరబెట్టాలి. ఆరాక మూల మీద ఒక నీటిబొట్టు వేసి చూడండి. వెంటనే ఇంకిపోతే సిరా పాకుతుంది, ఇంకో పూత కావాలి. తామరాకు మీద లాగా జారిపోతే దోస ఎక్కువైనట్టే, ఇక రంగు పట్టదు. పటిక మోతాదు పెంచితే కొన్నేళ్లకి కాగితం పసుపెక్కి పెళుసవుతుంది.

హోస్ట్: రంగులు ఏవి వాడాలి?

ఆర్టిస్ట్: దానికి ముందు ఒక నిర్ణయం ఉంది. 1794లో కొట్లో అమ్మినప్పటి రంగులా, ఇప్పుడు మ్యూజియంలో కనిపించే రంగులా? రెండూ కలిపితే బొమ్మ ఎటూ కాకుండా పోతుంది. అప్పటి ఎరుపుల్లో బెని ఒకటి, అది కుసుమ పువ్వు రంగు. త్సుయుకుస పువ్వు నీలం వెలుతురుకీ, తడికీ అసలు ఆగదు. ఈ రెండూ కలిపి చేసిన ఊదా ఇప్పుడు చాలా ప్రతుల్లో బూడిద రంగులోకి దిగిపోయింది. స్త్రీ వేషం కట్టే నటుల నుదుటి మీద ఊదా గుడ్డ ఉంటుంది చూడండి, గొరిగిన తల కప్పడానికి. అక్కడే ఈ మార్పు బాగా తెలుస్తుంది. ఇంకోటి, ప్రషియన్ నీలం ఈ బొమ్మల్లోకి బాగా వచ్చింది 1830 ప్రాంతంలో. షరకు బొమ్మకి అది వేస్తే కాలం తప్పినట్టే. నీలిమందు వాడండి. పసుపుకి హరిదళం మాత్రం వద్దు, అందులో ఆర్సెనిక్ ఉంటుంది. హన్సా ఎల్లో వాటర్‌కలర్ చాలు.

హోస్ట్: అచ్చులో ఉన్నంత సమంగా రంగు రావాలంటే?

ఆర్టిస్ట్: సిరా గీతలు ఒక రోజు ఆరాలి. తర్వాత రెండు కుంచెలు పట్టుకోండి, ఒకటి రంగుది, ఒకటి ఉత్త నీళ్లది. వేసే చోటు ముందు తడిపి, పలచటి రంగు వేసి, అంచున పేరుకున్న రంగుని నీళ్ల కుంచెతో తియ్యాలి. తియ్యకపోతే ఆరాక అంచు చుట్టూ ముదురు మరక మిగులుతుంది. ఒక దట్టమైన పూత కన్నా మూడు పలచటి పూతలు నయం. ముఖానికి మాత్రం తెల్ల రంగు వెయ్యకండి! అది ఒట్టి కాగితమే. ఆల్చిప్పల తెలుపు పూస్తే ముఖం కాగితం మీద అతికించినట్టు ఉంటుంది.

హోస్ట్: ఇక ఆ మెరిసే నేపథ్యం.

ఆర్టిస్ట్: అభ్రకం పొడి. మన నెల్లూరు వైపు గూడూరు గనుల్లో దొరికే ఖనిజమే. బొమ్మ ఆకారానికి ట్రేసింగ్ కాగితం కత్తిరించి మూసేసి, నేపథ్యానికి ముందు ముదురు బూడిద సిరా సమంగా పట్టించండి. అది పూర్తిగా ఆరాక, మెత్తటి అభ్రకాన్ని చిక్కటి నికావాతో వేలితో మెదిపి, నీళ్లు కలిపి, వెడల్పు కుంచెతో పక్క నుంచి పక్కకి ఒక్కసారే లాగాలి. తడి మీద కుంచె వెనక్కి తెస్తే చారలు పడతాయి. పొడి అడుగుకి దిగిపోతుంది కాబట్టి కుంచె ముంచిన ప్రతిసారీ గిన్నె కలపాలి. మర్నాడు వేలితో రుద్దండి. వేలు మెరిస్తే జిగురు తక్కువైందని. మెరుపే చచ్చిపోయి గాజు పూత లాగా ఉంటే జిగురు ఎక్కువైందని.

హోస్ట్: సంతకం, ముద్రలు కూడా గీయాలా?

ఆర్టిస్ట్: గీయాలి. షరకు సంతకం, త్సుతయ గుర్తు, కివమె అనే సెన్సార్ ముద్ర, ఇవన్నీ కూర్పులో భాగమే. తీసేస్తే ఆ మూల బోసిపోతుంది. కానీ వెనక వైపు, చెరగని సిరాతో, "చేతి నకలు" అని మీ పేరూ సంవత్సరం రాయాలి. పెన్సిల్‌తో రాస్తే రెండోసారి అమ్మేవాడు దాన్ని చెరిపేసి అసలుదని చెప్పుకోవచ్చు.