నోత్ర్ దామ్ ఆర్గాన్ దగ్గర లూయీ వియెర్న్

అందరికీ నమస్కారం.

అవధానం చూసినవాళ్ళకు ఈ సంగతి చెప్పడం తేలిక. పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, అవధాని అక్కడికక్కడే పూరిస్తాడు. ఫ్రాన్సులో పెద్ద చర్చిల ఆర్గనిస్టులదీ, అంటే గొట్టాల్లో గాలితో పలికే ఆర్గాన్ అనే పెద్ద వాద్యాన్ని వాయించేవాళ్ళదీ, ఇంచుమించు అదే విద్య. చిన్న స్వరాల ముక్క ఒకటి చేతికిస్తే దాంతోనే అప్పటికప్పుడు సంగీతం అల్లాలి. ఇది సరదాకి కాదు. ఫాదర్‌గారు పూజావేదిక దాకా నడవడానికి ఎంతసేపు పడుతుందో ముందే రాసిపెట్టిన కృతికి ఏం తెలుసు? ఆయన చేరేదాకా సాగాలి, చేరగానే అతుకు కనపడకుండా ముగియాలి.

పారిస్‌లోని నోత్ర్ దామ్ కేథడ్రల్‌లో ఈ పని 1900 నుంచి 37 ఏళ్ళు చేసినవాడు లూయీ వియెర్న్. పుట్టుకతోనే చూపు దాదాపు లేదు. ఆరేళ్ళప్పుడు ఆపరేషన్ చేస్తే కొద్దిపాటి చూపు వచ్చింది. అంధుల బడిలో చదివాడు, పోటీలో గెలిచి ఆ పీట ఎక్కాడు. 1906లో వీధిలో ప్రమాదం జరిగి కాలు విరిగింది. ఆర్గాన్‌కి చేతులతో పాటు కాళ్ళూ కావాలి, అడుగున ఒక వరస మెట్లు పాదాలతోనే వాయించాలి. ఆ విద్యంతా మళ్ళీ కొత్తగా నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కొడుకూ పోయాడు, తమ్ముడూ పోయాడు. ఆర్గాన్ పాడైతే బాగుచేయించే డబ్బు కోసం 1927లో అమెరికా వెళ్ళి కచేరీలు చేశాడు. అంత పెద్ద కేథడ్రల్ వాద్యానికి వాయించేవాడే చందాలు పోగుచెయ్యడం ఏమిటో, నాకైతే మింగుడుపడదు.

1937 జూన్ 2న ఆయన 1750వ కచేరీ. పక్కన శిష్యుడు మోరిస్ ద్యూరుఫ్లే ఉన్నాడు. రాసిన కృతులు అయిపోయాయి, ఇక ఆశువుగా వాయించాలి. ఇచ్చిన స్వరాల ముక్క బ్రెయిలీలో ఉంది. కాగితాన్ని వేళ్ళతో తడిమి చదువుకున్నాడు. ఏ గొట్టాలు పలకాలో ఎంచుకున్నాడు. అంతలోనే ముందుకు ఒరిగిపోయాడు. పాదం మంద్రస్థాయి 'మి' మెట్టు మీద పడి, ఆ ఒక్క స్వరమే చర్చి అంతా మోగింది. ప్రాణం అక్కడే పోయింది.

ఆశువుగా పుట్టింది గాల్లోనే కలిసిపోతుంది. అయితే 1928లో ఆయన అలా వాయించిన మూడింటిని డిస్కుల మీద రికార్డు చేశారు. తర్వాత ద్యూరుఫ్లే వాటిని విని స్వరాలు రాశాడు. రాసింది చూసి ఇప్పుడు ఎవరైనా వాయించవచ్చు. నాకు మాత్రం ఆ పాత డిస్కే ఇష్టం. మూడింటిలో ఒకటి ఇప్పుడు వినిపిస్తాను. గరగర వినిపిస్తుంది, కాస్త ఓపిక పట్టండి.